గుట్టకు కట్టు పడిన ఏడు

మా మనవరాలికి రేపు ఇంగ్లీషు మాటల పరీక్ష. బాచుపల్లిలో వాళ్ళ బడికి వారానికో పరీక్ష పెట్టకపోతే తోచదు. నేను గచ్చిబౌలిలో డ్యూటీ దిగి, రెండు బస్సులు మారి, రెండింటిలోనూ నిలబడే వచ్చాను; ఇంకా చెప్పులు విడవకముందే పిల్ల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అమ్మమ్మా, నేను చూడకుండ చెప్త, నువ్వు చూస్తుండు."

ఒకే అర్థం వచ్చే మాటలట. బ్యాన్, ఫర్‌బిడ్, ప్రోస్క్రైబ్, ప్రొహిబిట్. వరుసగా నాలుగు. నాలుగూ చెప్పేది వద్దనే. నేను పనిచేసే అద్దాల మేడలో కూడా ఎటు చూసినా ఇవే మాటలు. ఈ లిఫ్టు మాకు వద్దు, ఆ తలుపు మాకు వద్దు, ఆ సోఫాలో కూర్చోవద్దు. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు అని పేరు గానీ, కొత్తగా చేరిన ఆడవాళ్ళకు నేను ముందు నేర్పేది ఏ బోర్డు దగ్గర ఆగిపోవాలో. చీపురు సంగతి తర్వాత.

"ఇవన్ని నీకొచ్చా?" అని అడిగింది పిల్ల.

"ఒకటొచ్చు." ప్రొహిబిట్ మీద వేలు పెట్టాను.

"ఏ క్లాసుల చెప్పిండ్రు నీకు?"

"ఆరో తరగతిల. అయితె పుస్తకంల లేకుండె."

"మరేడుండె?"

"గుట్టకాడ."

నేను వేళాకోళమాడుతున్నాననుకుని నవ్వి, అది మళ్ళీ వల్లె వేసుకోవడంలో పడింది. నేను కాళ్ళు చాపుకుని గోడకు చేరగిలబడ్డాను. ఈ వయసులో జ్ఞాపకాలు కూడా కాళ్ళ నొప్పుల్లాగే, కాస్త కూర్చుందామనుకున్న వేళ చూసుకుని వస్తాయి.

ఆ గుట్ట ఎక్కడుండేదో చూపించమంటే ఇప్పుడు నేనే చూపించలేను. ఇటే ఉండాలి అనుకుని ఒక దిక్కు చూస్తాను. అంతలో రోడ్డు వంపు తిరిగి ఇంకో మేడ కనబడుతుంది. గుట్ట ఉన్నప్పుడు దాన్నిబట్టే మేము దిక్కులు చెప్పుకునేవాళ్ళం. గుట్టకు అవతల, గుట్టకు ఇవతల, గుట్ట నీడ పడే చేను. ఇప్పుడు ఫోను చెబితే తప్ప మా ఊరికి మాకే దారి తెలియదు. ఊరు కూడా ఉన్నట్టే లెక్క, పేరుంది గనక.

అప్పట్లో కోకాపేట దాకా రాళ్ళే. రాయి మీద రాయి, ఆ రాళ్ళ సందుల్లో సీతాఫలం చెట్లు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. తొలకరి పడితే వేడి రాయి మీది నుంచి ఒక వాసన లేచేది. దాని వెనకే మేకల దొడ్ల వాసన, తంగేడు ఆకు వాసన. పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతుంటే, పచ్చిపులుసులోకి ఉల్లిగడ్డ నలుపుతుంటే, బయట వాన పడుతుంటే అంతకు మించి ఏమీ కావాలనిపించేది కాదు. ఇప్పుడు ఆ రొట్టెలే ఆఫీసు క్యాంటీనులో ఆరోగ్యమని పేరు పెట్టి అమ్ముతున్నారు. తింటే గొంతు దిగవు.

మా నాయనమ్మను మేమంతా అవ్వ అనేవాళ్ళం. తాత పోయిన నాటి నుంచి ఆమెకు ఆ గుట్టే ఆధారం. సీతాఫలాల కాలం వస్తే గంప నెత్తిన పెట్టుకుని పట్నం నడిచిపోయేది, ఆ కాలం గడిచాక ఎండిన కట్టెలు కొట్టుకొచ్చేది, ఎండాకాలం మేకలను ఆ నీడల్లోనే తిప్పేది. మా నాయనను ఆ గుట్ట మీదనే పెంచానని అనేది. పొడుగ్గా, బక్కగా ఉండేది. మాట తక్కువ, అన్నమాట మాత్రం గట్టిది.

మా ఊళ్ళో గుట్టకు ఏటా కట్టు వేసేవారు. కాయలు దిగడం మొదలుకాగానే ఊరంతా డప్పు కొట్టి చాటేవారు. "గుట్టకు కట్టు పడ్డదహో! ఇప్పేదాంక ఎవ్వలు కాయ ముట్టొద్దహో!" గుట్ట ఎక్కే దారిలో రెండు రాళ్ళ నడుమ తాడు కట్టి దానికి వేపమండలు గుచ్చేవారు. ఆ తాడు మోకాలెత్తు కూడా ఉండదు. మేకపిల్ల కూడా దూకిపోతుంది. పెద్దవాళ్ళు ఒక్కరు కూడా దాటేవారు కాదు. పచ్చికాయ తెంపితే అది మాగదు, నల్లబడి రాయిలా గట్టిపడుతుంది. ఒకరు ఆత్రపడి తెంపితే పక్కవాడికీ ఆత్రం పుడుతుంది, అప్పుడిక ఎవరికీ పండు దక్కదు. అందుకని ఆ కట్టు.

కట్టు విప్పే చెయ్యి మా అవ్వది. ఆమెకంటే ముందు ఆమె అత్తదట. బతుకమ్మ పండుగ ముందు ఆమె రోజూ పొద్దున్నే తాడు దాకా పోయి, ఇవతల నిలబడే అవతలి చెట్లకేసి చూసేది. కాయ మీది కన్నులు విచ్చుకుని వాటి మధ్య తెల్లగీతలు కనబడాలి. అవి కనబడిన నాడు ఊరిపెద్దలకు చెప్పి, తాడు విప్పి, ఒక్కతే పైకెక్కి మొదటి గంప తెచ్చేది. అందులోంచి ఒక పండు పోచమ్మ రాయి ముందు పగలగొట్టాక ఊరు ఊరంతా గంపలు పట్టుకుని ఎగబడేది. ఎవరు ఎన్ని తెంపుకున్నారని అడిగేవారు లేరు. వేసిన కట్టు విప్పకుండా ఉన్న ఏడు మాత్రం లేదు.

మేము పిల్లలం బుద్ధిమంతులం అని చెప్పను. గుట్ట వెనక వైపు నుంచి ఎక్కి, ఒళ్ళో పదో పన్నెండో పచ్చికాయలు వేసుకుని, ఎండుటాకుల మంటలో కాల్చుకుని తినేవాళ్ళం. కాలిన సీతాఫలం రుచి ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. పైన బొగ్గు, లోపల ఉడికిన గుజ్జు, తియ్యగా, కాస్త వగరుగా, పొగ వాసనతో. ఒక ఏడు నా చేతులు వాసన చూసి అవ్వ కనిపెట్టింది. కొట్టలేదు, తిట్టలేదు. కట్టు విప్పిన నాడు ఊరి పిల్లలంతా అరుస్తూ గుట్ట ఎక్కుతుంటే నన్ను మేకల దగ్గర కూర్చోబెట్టింది. "నీ పాలు నువ్వు ముందే తింటివి గద" అంది. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపుకు మేకలు కూడా మేత మానేశాయి.

ఆ మరుసటి ఏడే జీపు వచ్చింది.

వానలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. జీపులోంచి నలుగురు దిగి గుట్ట చుట్టూ గొలుసు పట్టి కొలిచారు. మూడు రోజుల్లో రాతి కడీలు పాతి ముళ్ళతీగె చుట్టారు. మా దారి ఉన్న చోటే ఇనుప గేటు పెట్టి, దాని మీద ఎర్రటి రేకు బిగించారు. రేకు మీద తెల్ల రంగుతో రెండు ఇంగ్లీషు మాటలు. ఎవరు, ఏమిటి, ఎందుకు అని అడిగితే జీపువాళ్ళు "బోర్డు చూసుకోండ్రి" అని పోయారు.

ఊళ్ళో ఇంగ్లీషు అక్షరాలు వచ్చినవాళ్ళు ఎవరూ లేరు, నేను తప్ప. నాకూ ఆ ఏడే మొదలయ్యాయి. అప్పట్లో మాకు ఆరో తరగతిలో గానీ ఏబీసీడీలు చెప్పేవారు కాదు. మూడు మైళ్ళు నడిచిపోయే ఆ బడికి మా ఊరి నుంచి పోయేది నేనొక్కదాన్నే. చావడి దగ్గర చేరిన పెద్దమనుషులు నన్ను పిలిపించి గేటు దాకా నడిపించుకుపోయారు. నేను ఒక్కొక్క అక్షరం గట్టిగా పలికాను. అక్షరాలైతే వచ్చాయి గానీ అన్నీ కలిపితే ఏమవుతుందో తెలియలేదు.

"రేపు మీ సారును అడిగిరా బిడ్డా" అన్నాడు మా నాయన. "అది తెలిస్తె మేము నలుగురం తాలూకా కచేరికి పోయి మాట్లాడుకుంటం."

రెండో మాట అక్షరాలు అరచేతిలో పెన్నుతో రాసుకుని పోయాను. మా ఇంగ్లీషు సారు కోస్తా నుంచి వచ్చినాయన. సైకిలు మీద వచ్చేవారు, ఆయన టిఫిను డబ్బా మూత తీస్తే తరగతంతా ఆవకాయ వాసన. చిన్నపిల్లలను కసురుకునేవారు కాదు. నా చెయ్యి పట్టుకుని చదివి, కళ్ళద్దాలు సవరించుకున్నారు.

"ప్రొహిబిటెడ్. ఇంత పెద్ద మాట నీకెక్కడ దొరికిందమ్మా?"

"మా గుట్టకాడ సార్. దాని ముంగట ఇంకోటున్నది, ఇ ఎన్ టి ఆర్ వై."

"ఎంట్రీ ప్రొహిబిటెడ్. లోపలికి రావడం నిషేధించబడింది అని. రాకూడదు అని చెప్పడమమ్మా."

ఆయనకు ముచ్చటేసి ఆ మాటను నల్లబల్ల మీద రాశారు. మూడు ముక్కలుగా విడగొట్టి తరగతి మొత్తంతో పలికించారు. పలకలేక నాలుక మడతపడిన పెద్ద పిల్లలను చూసి నేను నవ్వాను. నాకు ఒక్కసారికే వచ్చేసింది. "చూశారా, ఈ పిల్ల తెచ్చిన మాట" అని సారు నా భుజం తట్టారు. ఇంటిదాకా మూడు మైళ్ళూ అడుగుకో ముక్క చొప్పున ఆ మాటనే జపించుకుంటూ నడిచాను. ఆ పూట నా అంత గొప్పది ఎవరూ లేరు.

చావడిలో అందరూ నాకోసమే కాచుకుని ఉన్నారు. అవ్వ కూడా వచ్చి ఒక మూల నిలబడింది. నేను సారు పలికినట్టే పలికాను.

"అంటె ఏందే?" అన్నాడు నాయన.

"లోపలికి పోవుడు నిషేధం."

"నిషేధం అంటె?"

"పోవద్దన్నట్టు."

ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ అడిగింది. "ఎన్ని దినాలు పోవద్దట?"

నేను సారును ఆ మాట అడగలేదు. అసలు అడగాలని కూడా తోచలేదు. అడగలేదు అని చెబితే అయిపోయేది. కానీ అంతమంది పెద్దవాళ్ళు నా నోటికేసి చూస్తున్నారు. జీవితంలో మొదటిసారి ఊరు నా మాట కోసం ఆగింది. తెలియదు అని చెప్పడానికి నోరు రాలేదు.

"కట్టు అవ్వా. మన కట్టు లెక్కనే" అన్నాను.

"కట్టా?"

"ఆఁ."

"మరి ఎన్నడు ఇప్పుతరట?"

"కాయ పండినంక."

"గట్లని రాసిండ్రా?"

"రాసిండ్రు" అన్నాను.

చావడిలో అందరి భుజాలూ ఒక్కసారిగా దిగినట్టయింది. "ఇంక ఫికర్ లేదు" అన్నాడు ఒకాయన. "సర్కారోళ్ళకు గూడ కట్టంటె ఎరుకున్నది, మంచిదే గద" అన్నాడు ఇంకొకాయన. కచేరికి పోయే మాట అక్కడికక్కడే ఆగిపోయింది. పోతే ఒక రోజు కూలి పోతుంది, పైగా కట్టు వేసినవాళ్ళ దగ్గరకు పోయి విప్పమని అడగడం మా ఊళ్ళో మర్యాద కాదు. దాని గడువు వరకు ఊరుకోవాలి.

అవ్వ ఇంటికి రాగానే రొట్టె మీద ఇంత మీగడ వేసి, చక్కెర చల్లి నాకిచ్చింది. మీగడ ఆమె ఎవరికీ పెట్టేది కాదు, నెయ్యికి దాచుకునేది. "నువ్వు సదువుకుంటున్నందుకె మాకు తెల్సింది బిడ్డా" అంది. ఆ రొట్టె తిన్నాను. ఎలా తిన్నానో నాకే తెలుసు.

మరునాడు ఊరివాళ్ళు చేసిన పని ఇప్పటికీ మరిచిపోలేను. డప్పు కొట్టి ఎప్పటిలాగే చాటింపు వేశారు. తర్వాత వేపమండలు తెచ్చి ఆ ముళ్ళతీగెకు, ఆ ఇనుప గేటుకు గుచ్చి కట్టారు. ఎవరో వచ్చి మా గుట్టను మాకు కాకుండా చేస్తే, దానికి మా చేతులతో మేమే పచ్చతోరణం కట్టాం. జీపు మళ్ళీ వచ్చినప్పుడు అందులోంచి దిగినవాళ్ళు వేపమండలు చూసి ఏదో పండుగ అనుకున్నారు. ఈ ఊరివాళ్ళతో పేచీ లేదని నవ్వుకుంటూ పోయారు.

గేటు దగ్గర ఒక కావలిమనిషిని పెట్టారు. పాలమూరు వైపు నుంచి వచ్చినవాడు, వయసు మళ్ళినవాడు. రేకుల గూడులో కూర్చునేవాడు. అవ్వ పోతూ పోతూ ముంతలో అంబలి పోసిచ్చేది. కన్నులు విచ్చే రోజులు వచ్చాక ఆమె పొద్దున్నే గేటు దగ్గరకు పోవడం మొదలుపెట్టింది.

"ఇయ్యాల ఇప్పుతరా తమ్మీ?"

"నాకేమెర్క అవ్వా. కావలుండుమన్నరు, ఉన్న."

"కాయ కన్ను ఇచ్చుకున్నది చూడు. ఇంక రెండు దినాలాగితె రాలుతయి."

"సార్లు వస్తె చెప్త."

నేను బడికి పోతూ ఈ మాటలు వినేదాన్ని. తల వంచుకుని గబగబా నడిచేదాన్ని. రోజూ ఇవాళ చెప్పేస్తాను అనుకునేదాన్ని. సాయంత్రం వచ్చి చూస్తే అవ్వ గంపలకు పేడ అలుకుతూ, ఊడిన ఈనెలు అల్లుతూ కనబడేది. చెప్పలేకపోయేదాన్ని. ఎవరైనా పెద్దసారు జీపు దిగి వచ్చి నిజంగానే గేటు తీసేస్తే బాగుండునని మొక్కుకున్నాను. పోచమ్మ రాయి ముందు దొంగచాటుగా చిటికెడు చక్కెర పెట్టి వచ్చాను. చీమలు తిన్నాయి.

పండ్లు రాలడం మొదలైంది. ఆ వాసన గుట్ట దిగి ఊళ్ళోకి వచ్చింది. మొదట తియ్యటి వాసన, పిల్లలకు నోట్లో నీళ్ళూరేవి. తర్వాత పులిసిన వాసన. చిలుకల గుంపులు వచ్చి పొద్దంతా గోల చేసేవి. బతుకమ్మ పూలు పేర్చుకుంటూ కూడా ఆడవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. వెనక వైపు నుంచి దూరి తెచ్చుకుందామని ఒకరిద్దరు వయసు కుర్రవాళ్ళు అంటే అవ్వే ఆపింది. "కట్టు ఇప్పకముందు దాటితె మనకు వాళ్ళకు ఫరక్ ఏమున్నది?" అంది.

ఇంక ఆగలేక సారును అడిగాను. "సార్, ప్రొహిబిటెడ్ అంటే ఎన్ని దినాలుంటది?"

ఆయన సుద్దముక్క కింద పెట్టారు. "ఆ మాటలో గడువేమీ ఉండదమ్మా. తీసేసేదాకా ఉంటుంది. తీసెయ్యకపోతే ఎప్పటికీ ఉంటుంది."

"ఎవరు తీస్తరు?"

"పెట్టినవాళ్ళే తియ్యాలి. లేదా మీ పెద్దలు వెళ్ళి అర్జీ ఇచ్చి అడగాలి. ఇచ్చారా?"

"లేదు సార్."

"అదేమిటి? ఇన్ని రోజులూ ఎందుకూరుకున్నారు?"

సారు నా మొహం చూసి ఇంకేమీ అడగకుండా తెల్లకాగితం తీసుకుని తనే అర్జీ రాసిచ్చారు. చక్కటి దస్తూరీ. దాన్ని తెచ్చి నాయన చేతికిచ్చి, సారు ఇచ్చి రమ్మన్నారని మాత్రం చెప్పాను. మిగిలింది చెప్పలేదు.

నాయన మరునాడు ధోవతి కట్టుకుని కచేరికి పోయాడు. సాయంత్రం వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూనే చెప్పాడు. అవ్వ చెంబుతో నీళ్ళు పోస్తోంది. నేను గడపలో ఉన్నాను.

"కచేరి గోడకు కాగితం అంటిచ్చినరట. ఎవ్వలకన్న అడ్డముంటె ముప్పై దినాలల్ల రమ్మని. మన ఊరోళ్ళు ఒక్కలు గూడ రాలేదు, ఇంక గుట్టను రాళ్ళకు ఇచ్చుడు అయిపోయింది అన్నడు గుమాస్త."

"కట్టు ఇప్పినంక ఇస్తమనలేదా?" అంది అవ్వ.

"గదే అడిగిన. బోర్డు మీద రాసిండ్రు గద అన్న. ఆయన నవ్విండు. గా బోర్డు మీద రెండే మాటలున్నయట. రావొద్దు అని. ఇంకేం లేదట."

నీళ్ళు పోస్తున్న అవ్వ చెయ్యి ఆగింది. ఇద్దరూ నాకేసి చూశారు. నాయన చూపులో కోపం ఉంది. అవ్వ చూపులో కోపం కూడా లేదు, లెక్క కుదరనప్పుడు చూసినట్టు చూసింది.

"నేనే చెప్పిన" అన్నాను. "రాసి లేకుండె. మీరందరు చూస్తుంటె గట్ల చెప్పిన."

నాయన చెయ్యెత్తాడు. అవ్వ అడ్డం వచ్చింది. నన్ను కాపాడడానికేనేమో అనుకున్నాను ఆ క్షణం. ఆమె నా ముందు కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"తెల్వదంటె మేమేమన్న అంటుంటిమా?"

నాకు ఏడుపొచ్చింది.

"మాకు తెల్వకనే గద నిన్నడిగినం. తెల్వకపోవుడు తప్పని నీకెవలు చెప్పిండ్రు?"

దెబ్బలు పడి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. ఆ రెండు మాటలు మరవలేదు.

మరునాడు పొద్దున్నే అవ్వ గేటు దగ్గరకు పోయింది. నేను దూరంగా వెనకే నడిచాను. వేపమండలు ఎప్పుడో ఎండిపోయి గోధుమరంగుకు వచ్చాయి. ఆమె ఒక చివర నుంచి మొదలుపెట్టి, ముళ్ళు గుచ్చుకుంటున్నా ఒక్కొక్క మండనే ఊడబెరికి కొంగులో వేసుకుంది. కావలిమనిషి గూట్లోంచి లేచి వచ్చాడు.

"ఏం జేస్తున్నవవ్వా? గేటు ముట్టొద్దు, నా కొల్వు పోతది."

"నీ గేటు నేను ముడ్తలేను తమ్మీ. మా మండలు మేము తీస్కపోతున్నం. కట్టంటె ఇప్పెటోళ్ళుండాలె. ఇది కట్టు గాదు."

అటు చివర ఆమెకు అందని రెండు మండలు అతనే తెంపి ఇచ్చాడు. ఆమె వాటిని తెచ్చి పొయ్యిలో పెట్టింది. ఆ పూట ఇంట్లో అన్నం ఆ మంట మీదే ఉడికింది, ఎవరూ సరిగా తినలేదు.

చలికాలంలో మందుగుండు పెట్టి గుట్టను పేల్చడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఈల వేసేవారు, అందరం ఇళ్ళలోకి పోయి తలుపులు వేసుకునేవాళ్ళం. ఉట్టి మీది కుండలు ఊగేవి. మేకలు కొన్నాళ్ళకు ఆ చప్పుడుకు అలవాటుపడ్డాయి, మేమూ అలవాటుపడ్డాం. ఊరివాళ్ళలో సగం మంది అక్కడే రాళ్ళు కొట్టే పనికి కుదిరారు. మా నాయన కూడా. గుట్ట మొత్తం పోవడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. నేను తెలియదని ఆ రోజే చెప్పి ఉంటే గుట్ట నిలిచేదా అంటే, ఇన్నాళ్ళ తర్వాత నిలిచేది కాదనే అనిపిస్తుంది. చుట్టుపక్కల ఏ గుట్ట నిలిచింది గనక? కానీ అడగడానికి ఊరికి ముప్పై రోజులు ఉండేవి. ఆ ముప్పై రోజులూ నేనే వాళ్ళకు లేకుండా చేశాను.

అవ్వ నన్ను దూరం పెట్టిందని చెప్పలేను. తలకు నూనె రాసేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది. ఒక్కటి మాత్రం మానేసింది. నాతో ఏదీ చదివించుకోలేదు. మేనత్త దగ్గర నుంచి ఉత్తరం వస్తే నేను ఎదురుగా ఉండగానే దాన్ని పట్టుకుని పక్కింటి కోడలు దగ్గరకు పోయేది. రేషను కార్డు, మందు సీసా మీది చీటీ, ఓటు చీటీ, అన్నీ అంతే. ఆ కోడలు చదివింది నాలుగో తరగతి, కూడబలుక్కుని చదివేది. నేను పదో తరగతి దాకా చదివాను. పట్టుదల అన్నారు అందరూ. ఆమె ఒక్కసారి కాగితం నా చేతికిస్తుందేమోనని చదివాను. పాసయ్యానని చెబితే "మంచిది బిడ్డా" అంది. కాగితం ఇవ్వలేదు.

నాకు పెళ్ళయి కూతురు పుట్టాక అవ్వకు కడుపులో నొప్పి మొదలైంది. దవాఖానలో పదిహేను రోజులు ఉంచారు. ఆఖరి రోజు నాయన టీ తాగడానికి కిందికి పోయాడు. నర్సు వచ్చి మంచం మీద కాగితం పెట్టి వెళ్ళింది. డాక్టరు చేతిరాత, అంతా ఇంగ్లీషు. అవ్వ దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పింది. పక్క మంచాల వైపు చూసింది. తర్వాత నా వైపు చాపింది.

"జర గిది చదువు."

నేను అందుకున్నాను.

"ఉన్నది ఉన్నట్టు చదువు" అంది. "తెల్వకుంటె తెల్వదను."

ఆరు వరుసలున్నాయి. అబద్ధం అప్పుడు కూడా నోటిదాకా వచ్చింది. నయమైపోతుందట అని చెబితే ఆమె మొహం ఎలా మారుతుందో నాకు కనబడింది కూడా. మింగేశాను.

"మీదున్న నాలుగు వరుసలు రోగం పేర్లవ్వా, అవి నాకు తెల్వయి. కింద మాత్రం ఇంటికి తీస్కపొమ్మని రాసిండ్రు. ఇంక ఇక్కడ చేసేది ఏం లేదని రాసిండ్రు."

"ఇంకేమన్న ఉన్నదా?"

"లేదు. గంతే ఉన్నది."

అవ్వ కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచి నడుములో దోపుకుంది. "మీ నాయనను పిల్వు. పోదాం" అంది.

ఆ తర్వాత ఆమె పదకొండు రోజులు ఉంది. ఆ పదకొండు రోజుల్లో ఇంట్లోకి వచ్చిన ప్రతి కాగితమూ నా చేతికే ఇచ్చింది. మందుల చీటీలు, కరెంటు బిల్లు, చుట్టాల పెళ్ళిపిలుపు, ఆఖరికి చక్కెర పొట్లం కట్టిన పాత పేపరు ముక్క కూడా. కళ్ళు మూసుకుని వింటూ ఉండేది. తెలియని మాట వచ్చినచోట ఇది నాకు తెలియదవ్వా అని ఆగేదాన్ని. పోనీ, ముందుకు చదువు అనేది. పోయిన గుట్టకు అది బదులు కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆమె ఇచ్చింది, నేను చదివాను.